సముద్రం పూసిన చెయ్యి

గద్వాలలో నాకు అత్తరు పని నేర్పిన ఉస్తాద్ పోయిన నెలలో ఒక తెల్లవారుజామున కన్నుమూశారు. నాగర్‌కర్నూలులో నేను దుకాణం తెరవకముందే ఆయన కూతురు ఫోన్ చేసింది. గొంతులో ఏడుపు లేదు. "అన్నా, అబ్బా పోయిండు. సముద్రం సీసా నీ దగ్గరనే ఉన్నది కదా, తీస్కొని రా," అన్నది. మళ్ళీ తనే, "వనపర్తి మీదికెళ్ళి రా. చాచాను తోల్కొని రా. చాచా చేత్తోనే పూయాలెనని అబ్బా నిన్న మూడుసార్లు చెప్పిండు. ఆయనకు ఫోన్ చేస్తే ఎత్తుతలేడు," అన్నది.

ఆ మాటల బరువు పాఠకులకు తెలియాలంటే మూడు సంగతులు చెప్పాలి. వారి ఆచారంలో దేహాన్ని కడిగి తెల్లని కఫన్ బట్ట చుట్టే ముందు, నమాజులో నేలకు తాకే చోట్లన్నిటికీ, అంటే నుదుటికి, ముక్కుకు, అరచేతులకు, మోకాళ్ళకు, పాదాలకు పరిమళం పూస్తారు. సముద్రం అన్నది ఉస్తాద్ ఇరవై ఏళ్ళు కష్టపడి తయారుచేసిన అత్తరుకు ఆయన పెట్టుకున్న పేరు. ఇక చాచా ఆయనకు ఒక్కగానొక్క తమ్ముడు, వనపర్తిలో ఒక కట్టెకోత మిల్లు నడిపేవాడు. ఆ అన్నదమ్ములు ఒకరి ముఖం ఒకరు చూసుకొని ముప్పై ఏళ్ళు దాటింది. పొద్దు గుంకకముందు చేసే అసర్ నమాజు కాగానే జనాజా, అంటే పాడె, లేస్తుంది. నాకున్న వ్యవధి అంతే.

ఉస్తాద్ మెత్తని మనిషి అని రాస్తే ఆయనే లేచి వచ్చి నా చెంప పగలగొడతారు. కోపం వస్తే చేతికందింది విసిరేవారు. అలా విసరగా నేను కళ్ళారా చూసినవి: గాజు బిరడాలు, తక్కెడ పళ్ళెం, చెప్పు, సగం తాగిన చాయ్ గ్లాసు, ఒకసారి బతికున్న కోడి. కోడి ఆయన చేతికెలా అందిందో నాకు ఇప్పటికీ తెలియదు. బేరమాడే గిరాకీ గుమ్మం దాటి పరుగెత్తడం మా బజారులో వింత కాదు. పక్క దుకాణాలవాళ్ళు తలెత్తి కూడా చూసేవారు కాదు.

మాది కోడేరు దగ్గర మెట్టసేద్యం చేసుకునే కుటుంబం. పదో తరగతితో చదువాపి, ఇరవై ఆరేళ్ళ వయసులో గద్వాలలో ఒక పురుగుమందుల దుకాణంలో పనికి కుదిరాను. పని ముగించి ఇంటికి వెళ్ళే దారిలో ఉస్తాద్ దుకాణం ఉండేది. ఒకనాడు ధైర్యం చేసి మెట్టెక్కాను. ఆయన కళ్ళెత్తకుండానే, "ఎవడ్రా ఈ మందులోడు? దిగు. నీ అంగి వాసనకు నా గులాబీలు సస్తయి," అన్నారు.

"కొనడానికే వచ్చిన, ఉస్తాద్."

"కొని ఏం జేస్తవ్? పత్తికి కొడ్తవా?"

మరునాడు కుంకుడుకాయతో తలంటుకొని, ఉతికిన చొక్కా తొడుక్కొని వెళ్ళాను. ఆయన రెండు గజాల దూరం నుంచే ముక్కు ఎగబీల్చి, "ఎడమ చెవి ఎనక కడగలే," అన్నారు. అయినా ఆ రోజు లోపలికి రానిచ్చారు. నెల తిరిగేసరికి మందుల దుకాణం మాని ఆయన దగ్గరే పనికి కుదిరాను.

మొదటి చుక్క నా మణికట్టు మీద వేసినప్పుడు, అందరూ చేసే పనే నేనూ చేశాను. రెండు మణికట్లూ కలిపి రుద్దాను. చెయ్యి మీద పడిన దెబ్బ సాయంత్రం దాకా ఎర్రగా ఉంది. "పసిగుడ్డు గొంతు పిసుకుతవా? దాని మానాన దాన్ని ఆరనీ. అత్తరు మొదలు కొడ్తది, తర్వాత మాట్లాడ్తది, ఆఖరుకు పక్కన కూసుంటది. కొట్టంగనే ఉరికెటోనికి దాని మాట ఇనపడదు."

ఆ మాటను నోటుపుస్తకంలో రాసుకున్నాను. ఏ అత్తరు ఎన్ని నిమిషాలకు ఎలా మారుతుందో వేళలతో సహా రాసుకోవడం అప్పుడే అలవాటైంది. అది చూసి ఆయన నవ్వేవారు. "రాస్కో, రాస్కో. ముక్కు లేనోడే రాస్కుంటడు." అలా అన్న మరుక్షణం ఆయన నవ్వు ఆగిపోవడం గమనించాను. కారణం తెలియడానికి రెండేళ్ళు పట్టింది.

సముద్రం అత్తరుకు మొదటి దినుసు గవ్వ పెంకు. ఎండిన పెంకుల్ని నలగ్గొట్టి మట్టికుండలో పోసి, మూతికి మట్టి మెత్తి, చుట్టూ పిడకల మంట పెడతారు. లోపల పెంకులు తుపాకీ గుళ్ళలా పేలుతుంటాయి. కుండ అడుగున ఉన్న చిల్లులోంచి నల్లని నూనె బొట్లుబొట్లుగా దిగుతుంది. ఆ నూనెను పనివాళ్ళు నఖ్ అంటారు. దాన్ని గంధపు నూనెలో కలిపి, సముద్రపు నాచు, వట్టివేరు, దేవదారు నూనెలు చేర్చి నెలల తరబడి నిలవుంచాలి. పెంకుల్ని ఉస్తాద్ ఏటిలో దొరికిన గుండ్రాయితో దంచేవారు. పీట కింద మాత్రం మంచి ఇత్తడి రోకలి ఒకటి దుమ్ముపట్టి పడి ఉండేది. "రోకలి ఉండంగ రాయెందుకు, ఉస్తాద్?" అని అడిగాను. గుండ్రాయి నా చెవి పక్కనుంచి వెళ్ళి తలుపు చెక్కను చీల్చింది. గంట తర్వాత నాకు చాయ్ తెప్పించి, తల వంచుకొని, ఆయనే చెప్పారు.

వాళ్ళ నాయన వదిలివెళ్ళిన ఆస్తి ఒక తోలు సీసా. కొత్త అత్తరును అందులో పోసి ఉంచితే దానిలోని నీరు తోలులోంచి బయటికి పోతుంది, నూనె చిక్కబడుతుంది. నలభై ఏళ్ళ అత్తర్లు తాగిన ఆ తోలు, తనలో పోసిన ప్రతి కొత్త అత్తరుకూ కాస్త పాతదనం అరువిచ్చేది. ఆ దుకాణం పేరంతా దాని మీదే నిలిచింది. ఒక ఎండాకాలం ఉస్తాద్ ఏదో పని మీద కర్నూలు వెళ్ళారు. తమ్ముడు అన్నకు సాయం చేద్దామనుకున్నాడు. సీసా లోపల నల్లటి మడ్డి పేరుకున్నదని, సోడాపొడి వేసిన వేడినీళ్ళతో కడిగి, కొబ్బరిపీచుతో తోమి, ఎండలో బోర్లించాడు.

"నేను పెంకులు దంచుకుంట కూసున్న. తెచ్చి నా మొకం ముందర పెట్టిండు. చూడు అన్నా, ఎట్ల తెల్లగైందో అన్నడు. నవ్వుతుండు వాడు. నేను చేతిలున్న రోకలితోని మెడ మీద కొట్టిన అనుకున్న. తల తిప్పిండు, తల ఎనక తల్గింది."

తమ్ముడు రోట్లోకి బోర్లా పడ్డాడు. పెంకుల పొడి నెత్తుటితో ముద్దయింది. కర్నూలు దవాఖానలో పదకొండు రోజులు ఉంచారు. బతికాడు. ఇంటికి వచ్చిన నాడు పళ్ళెం ముందు కూర్చొని, "ఇంట్ల ఎవరు వండుతలేరా?" అని అడిగాడట. పొయ్యి మీద కూర మాడుతోంది. పొగకు అందరూ దగ్గుతున్నారు. వెనకనుంచి తగిలిన దెబ్బకు ముక్కుకూ మెదడుకూ మధ్య ఉన్న సన్నని నరాలు తెగిపోయాయని, ఇక వాసన తెలియదని డాక్టర్లు చెప్పారు. అత్తరు ఇంట్లో పుట్టినవాడికి అంతకంటే పెద్ద హత్య లేదు. పైగా ఆ ఇంట్లో అందరికంటే చురుకైన ముక్కు తమ్ముడిదే. తమ్ముడు వనపర్తి వెళ్ళిపోతూ, "ఆ చెయ్యి నా ఇంటి గొళ్ళెం ముట్టొద్దు," అన్నాడు.

ఆ సాయంత్రం ఉస్తాద్ ఇంకొక సంగతి కూడా చెప్పారు. చిన్నప్పుడు గవ్వల కోసం నాయన వీళ్ళిద్దరినీ సముద్రం ఒడ్డుకు తీసుకుపోయారట. ఒక అల తమ్ముణ్ణి కాళ్ళు లాగి లోపలికి ఈడ్చింది. ఉస్తాద్ వాడి జుట్టు పట్టి బయటికి లాగి, నీళ్ళలోకి ఎందుకు దిగినవని రెండు చెంపలూ వాయించారట. దెబ్బలు తింటూ, ఉప్పునీళ్ళు కక్కుతూనే, వాడు అన్నాడట: "అన్నా, సముద్రంది ఉప్పు వాసన గాదు. కాలిన కట్టె నీళ్ళల్ల నానినట్టున్నది."

"నాకు ఉప్పే వచ్చింది. వానికి కట్టె వచ్చింది. గంత ముక్కు అది," అన్నారు ఉస్తాద్. "వాసన సచ్చింది గని వాని ముక్కుల నొప్పి సావలే. నఖ్ గుచ్చుతది. ఆ నొప్పి ఎనక పడి వాసన గూడ లోపలికి పోతదేమో."

ఆ ఆశతోనే ఆ అత్తరు మొదలైంది. రమారమి ఏడాదికొకటి చొప్పున నమూనాలు తయారయ్యేవి. వాటిని వనపర్తి తీసుకుపోయే పని నాది. మొత్తం పంతొమ్మిది మోశాను. ప్రతిదానికీ జవాబు ఒకటే. చాచా మిల్లు ఆపి, సీసా ముక్కు కింద పెట్టుకొని, కళ్ళు మూసుకొని, తర్వాత మూత బిగించి ఇచ్చేసేవాడు. "గుచ్చింది. వాసన రాలే."

ఆయన ఎప్పుడూ నన్ను చాయ్ తాగకుండా పంపలేదు. రంపం చప్పుడు విని ఏ కట్టె కోస్తున్నారో చెప్పేవాడు. "ఇది యాప, మెత్తగ పాడ్తది. ఇది తుమ్మ, పండ్లు పటపట కొరుకుతది." అన్న గురించి మాత్రం ఒక్కసారే అడిగాడు.

"ఇంకా ఇసుర్తడా?"

"ఇసుర్తడు, చాచా."

"నీకు తల్గిందా ఏమన్న?"

"చెప్పు తగిలింది."

"అదృష్టవంతునివి," అన్నాడు.

నేను తిరిగి గద్వాల చేరేసరికి ఉస్తాద్ మెట్టు మీదే కూర్చొని ఉండేవారు. గుచ్చిందన్నాడని చెప్పగానే నమూనా సీసాను గడపరాయికేసి కొట్టేవారు. గాజు పెంకులు ఏరింది పద్దెనిమిదిసార్లు. పంతొమ్మిదోసారి ఆయన చేతికి నా చెయ్యి అడ్డం పెట్టి ఆపబోయి, మెట్టు జారి నేనే పడ్డాను. సీసా కూడా పగిలింది. ఇద్దరం నవ్వుకున్నాం. ఆయన నా ముందు అలా నవ్విన రోజులు చాలా తక్కువ.

ఇరవయ్యోదాన్ని ఆయన పంపలేదు. ఒక రోజంతా తన మణికట్టు మీద వేసుకొని, నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకొని, వేళ చూసి రాయమన్నారు. ఆ పుట నా దగ్గర భద్రంగా ఉంది. మొదటి పావుగంట దాడి: కాలిన పెంకు, కమిలిన వెంట్రుక, కళ్ళు మండించే పొగ, దాని కింద నెత్తురు నాలుకకు తగిలినట్టు ఉప్పు. అరగంటకు పొగ విరిగి నాచు, తడిసిన మోకుతాడు. రెండో గంటకు వట్టివేరు, చల్లని మన్ను. నాలుగో గంట దాటాక దేవదారు, గంధం. పొగ తిరిగి వచ్చి కట్టెలో ఒదిగిపోతుంది. ఇక మర్నాటి దాకా మారదు. అంతా విన్నాక ఆయన, "వాడు చెప్పిన సముద్రం ఇదే. వానికి చూపియ్యకు. నాకు పూయనీకి దాచు," అని సీసా నా చేతిలో పెట్టారు. తర్వాత నేను నాగర్‌కర్నూలులో సొంత దుకాణం పెట్టుకున్నప్పుడు అది నాతోపాటే వచ్చింది. ఈ రోజు నేను తింటున్న అన్నమూ, దేన్నయినా తొందరపడి తేల్చకూడదన్న బుద్ధీ ఆ దెబ్బల చేతి నుంచే నాకు వచ్చాయి. దెబ్బలు మంచివని మాత్రం అనను. ఆయన కూడా అనలేదు.

ఆ ఉదయం తొమ్మిదింటికి నేను మిల్లు చేరేసరికి చాచా మద్ది దుంగను రంపానికి ఎక్కిస్తున్నాడు. చెవి దగ్గరికి వెళ్ళి చెప్పాను. ఆయన మిల్లు ఆపలేదు.

"పోయిండా," అన్నాడు. దుంగను ముందుకు తోశాడు. "మంచిగయింది."

దుంగలో ఎప్పటిదో మేకు ఉన్నట్టుంది. రంపం కీచుమని అరిచి నిప్పురవ్వలు చిమ్మింది. పట్టీ తెగి, పాములా లేచి, రేకు గోడను అడుగు మేర చీల్చింది. పనివాళ్ళిద్దరూ బయటికి ఉరికారు. చాచా నిలబడ్డచోటే నిలబడ్డాడు. మోటారు ఆగిపోయిన ఆ నిశ్శబ్దంలో నెమ్మదిగా అన్నాడు: "ముప్పై ఏండ్లల్ల ఒక్కసారన్న రాలే వాడు."

"మీరే రావొద్దన్నరు, చాచా."

"అన్న. అంటే ఆగుతరా?"

ఉస్తాద్ కోరిక చెప్పాను. ఆయన తెగిన పట్టీని కాలితో పక్కకు తన్నాడు. "ముక్కు తీసుకున్నోడు అత్తరు పూయమంటడా? ఎంత పూసిననో నాకెట్ల తెలుస్తది? ఎక్కువైతే పదిమందికి తల తిరుగుతది. తక్కువైతే గద్వాల మొత్తం నవ్వుతది, అత్తరు ఉస్తాద్ వాసన లేకుంట పోయిండని."

అప్పుడు నాకు అర్థమైంది, ఆయన రానని అనడం లేదని. పని చెడిపోతుందని భయపడుతున్నాడు. "నేను పర్దా బయట నిలబడ్త. ఎక్కడ చాలన్నది నేను చెప్త," అన్నాను.

ఆయన కొళాయి దగ్గరికి వెళ్ళి సబ్బుతో చేతులు కడుక్కొని నా ముఖం ముందు పెట్టాడు. "గ్రీజు వాసన పోయిందా?" పోలేదన్నాను. మళ్ళీ కడిగాడు. నాలుగోసారికి పోయిందన్నాను. దారి పొడుగునా ఆ చేతుల్ని దేనికీ తగలనివ్వకుండా ఒళ్ళో పెట్టుకొని కూర్చున్నాడు. కృష్ణ దాటేటప్పుడు కూడా బయటికి చూడలేదు.

ఇంట్లో ఉస్తాద్ కూతురు దుప్పటి తీసి ముఖం చూపించింది. చాచా చాలాసేపు చూశాడు. "ముసలోడైండు," అన్నాడు, తనకెవరూ ఆ మాట చెప్పలేదన్నట్టు.

మధ్యాహ్నం వాకిట్లో పర్దా కట్టి కడిగారు. లోపల చాచా, మసీదు పెద్ద, మరో ఇద్దరు. బయట నేను, పర్దాకు జానెడు దూరంలో. సీసా బిరడా తీసిన చప్పుడు విన్నాను. ఒక్క క్షణంలో పొగ వాకిలిని కొట్టింది. పెంకు కాలిన ఘాటు. బంధువులు కొంగులు ముక్కులకు అడ్డం పెట్టుకున్నారు. ఎవరో ముసలాయన, "ఏందిది, ఏడనన్న అంటుకున్నదా?" అని లేచి నిలబడ్డాడు. లోపల చాచా దగ్గు.

"గుచ్చుతుంది," అన్నాడు లోపలినుంచి.

"గుచ్చాలె, చాచా. నుదురుకు చాలు. అరచేతులకు ఒక్కో చుక్క."

"ముక్కుకు?"

"వేలు తాకిస్తే చాలు."

అలా మోకాళ్ళ దాకా, పాదాల దాకా చెప్పాను. ఆఖరికి "చాలు" అన్నాను. బిరడా చప్పుడు కాలేదు. ఘాటు తగ్గలేదు. "చాలు, చాచా," అని గట్టిగా అన్నాను. మూడోసారి అరిచాను. మసీదు పెద్ద కళ్ళు తుడుచుకుంటూ పర్దా తొలగించి బయటికి వచ్చాడు. "పూసుడు ఎప్పుడో అయింది. అన్న చెయ్యి పట్టుకొని కూసున్నడు. ఇడుస్తలేడు. జర ఆగుండి," అన్నాడు.

జనాజా లేచాక చాచా ముందు కుడివైపు పాడెకు భుజం పట్టాడు. నేను పక్కన నడిచాను. బజారు దాటుతుండగా తల తిప్పకుండానే, "ఇప్పుడేమొస్తుంది?" అని అడిగాడు.

"నాచు పోయింది. వేరు వస్తుంది. చల్లగున్నది."

ఉస్తాద్ దుకాణం మెట్టు దగ్గర మళ్ళీ అడిగాడు. "వేరే, చాచా. ఇంక జర సేపు." ఖబరస్తాన్ గేటు దాకా ఆయన అడుగుతూనే ఉన్నాడు, నేను చెబుతూనే ఉన్నాను. ఇన్నేళ్ళలో నా నోటుపుస్తకాన్ని ఎవరూ అంత శ్రద్ధగా వినలేదు. దేహాన్ని దించడానికి ముందు ఆఖరుసారి అడిగాడు. అప్పటికి నాలుగు గంటలు దాటింది.

"కట్టె, చాచా. కాలిన కట్టె నీళ్ళల్ల నానినట్టున్నది."

ఆయన నా ముఖంలోకి చూశాడు. "ఆ మాట నీకెవరు చెప్పిండ్రు?"

"ఉస్తాదే."

"వానికి యాదికున్నదా అది?" అని అడిగి, జవాబు కోసం ఆగకుండా వంగి మట్టి తీసుకున్నాడు. అత్తరు పూసిన కుడిచెయ్యి మట్టికి తగలనివ్వకుండా, ఎడమచేత్తోనే మూడు పిడికిళ్ళూ వేశాడు. ఎవరో తప్పని చెప్పబోయారు. మసీదు పెద్ద వారించాడు.

ఇంటి దగ్గర కాళ్ళూ చేతులూ కడుక్కోవడానికి నీళ్ళు పెట్టారు. చాచా కాళ్ళే కడుక్కున్నాడు. అన్నం పెడితే ఆకలి లేదన్నాడు. పొద్దు గుంకుతుండగా ఇద్దరం వనపర్తి బస్సెక్కాం. ముందు సీట్లో ఉల్లిగడ్డల సంచి ఒళ్ళో పెట్టుకున్న ఒక ఆమె రెండుసార్లు వెనక్కి తిరిగి చూసి, మూడోసారి అడిగింది: "పెద్దాయనా, మంచి వాసన వస్తున్నది నీ దగ్గర. ఏం సెంటది?"

"మా అన్న జేసిండు," అన్నాడు చాచా.

కండక్టర్ ఇచ్చిన టికెట్టును ఎడమచేత్తో అందుకున్నాడు. కుడిచెయ్యి మోకాలి మీద వెల్లకిలా, వేళ్ళు విప్పి ఉంది. గతుకుల్లో బస్సు ఎగిరిపడ్డప్పుడల్లా దాని కింద ఎడమచెయ్యి ఆనించి, నిండు గిన్నెను పట్టుకున్నట్టు, వనపర్తి దాకా అలాగే పట్టుకొని కూర్చున్నాడు.